ఐదో అంతస్తు నుంచి వంజరం వేట

పంజాగుట్టలో సముద్రం లేదని చాలామంది అనుకుంటారు. పదకొండు ఆదివారాలపాటు ఉంది. మా అపార్ట్‌మెంటు లిఫ్టు సందులో, ఐదో అంతస్తు నుంచి కిందిదాకా, యాభై అడుగుల లోతున. నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. అబద్ధాలు ఆడనివాణ్ణని కాదు. ఇంజినీరింగ్ రెండో ఏట కాలేజీ మానేసినప్పుడు మా నాన్నకు నేను చెప్పిన కారణాన్ని మా చుట్టాలు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకొని నవ్వుకుంటారు. ఈ కథలో మాత్రం నేను కలపాల్సిన అవసరమే రాలేదు. ఒక్క చేప బరువు విషయంలో తప్ప.

కథ కమాల్ అన్నది. నలభై ఎనిమిదేళ్లు, ఎర్రగడ్డలో ఇల్లు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, ఒక దువ్వెన. తండ్రి సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఈయన పదో తరగతి తప్పి, ఒక లిఫ్టుల కంపెనీలో గ్రీజు డబ్బా మోయడానికి చేరి, పని నేర్చుకుని బయటికొచ్చాడు. ఇరవై రెండేళ్లుగా సొంతంగా చేస్తున్నాడు. అమీర్‌పేట సందుల్లోనూ, పంజాగుట్ట ఇటువైపునా కలిపి ముప్పై ఒక్క లిఫ్టులు ఆయన చేతి కింద ఉన్నాయి. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, మాలాంటి పాత అపార్ట్‌మెంట్లు. ఆరుగురు పట్టే కోచింగ్ సెంటర్ లిఫ్టులో పదకొండు మంది, వాళ్ల పదకొండు బ్యాగులు ఎక్కే ఊళ్లో ఇరవై రెండేళ్లు ఒక్క లిఫ్టూ జారకుండా చూసుకోవడమంటే మాటలు కాదు. ఒకసారి నాతో రోడ్డు మీద చాయ్ తాగుతూ, ఎదురు బిల్డింగు మూడో అంతస్తులో ఆగిన లిఫ్టు చప్పుడు విని, "బేరింగ్ పోయింది" అన్నాడు. మధ్యలో రెండు బస్సులు, ఒక బారాత్ బ్యాండు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆయనకు ఆఫీసు లేదు, బోర్డు లేదు, సర్టిఫికెట్టు లేదు. ఉన్నదల్లా పేరు. "కమాల్ భాయ్ చూసే లిఫ్టే" అంటే ముసలివాళ్లు కూడా గుండె మీద చెయ్యి తీసేసి ఎక్కేస్తారు. అదే నోటితో "కమాల్ లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతోందట" అని ఒక్క బిల్డింగు అంటే, మిగతా ముప్పై బిల్డింగులకూ ఆ మాట వారం రోజుల్లో చేరుతుంది. అమీర్‌పేటలో వార్త చేరడానికి లిఫ్టు కూడా అక్కర్లేదు.

ఇక రామ్మోహనరావు గారు. మా అపార్ట్‌మెంటు సెక్రటరీ, ఐదో అంతస్తు. బీమా ఆఫీసులో రిటైరయ్యారు. హైదరాబాదుకొచ్చి ముప్పై ఆరేళ్లయినా పరిచయం చేసుకునేటప్పుడు "కాకినాడవాణ్ణండీ" అనే మొదలుపెడతారు. ఏడాది కిందట ఫోన్లో ఏవో వీడియోలు చూసి ఆయనకు సముద్రపు వేట పిచ్చి పట్టింది. పార్సిల్‌లో పొట్టి కర్ర, ఇత్తడి రంగు రీలు, రంగురంగుల దారం వచ్చాయి. వాటితోపాటు అరచెయ్యంత సీసపు చేపలు ఆరు, తల దగ్గర రెండేసి కొక్కేలతో.

"దీన్ని జిగ్ అంటారయ్యా ప్రమోద్," అని నాకు పాఠం చెప్పారు. కింద సెల్లార్ పక్కన జిరాక్స్ షాపు నాదే కాబట్టి ఆయన పాఠాలన్నిటికీ మొదటి విద్యార్థిని నేనే. "ఎరా గిరా అక్కర్లేదు. పడవలోంచి నిలువుగా సముద్రం అడుగుదాకా వదలాలి. తర్వాత కర్రతో ఎగరేస్తూ, రీలు తిప్పుతూ పైకి లాగాలి. దెబ్బతిన్న చేపేదో పారిపోతోందనుకుని పెద్ద చేప వచ్చి కరుస్తుంది. అదంతా మణికట్టులో ఉంటుంది."

మణికట్టుకు సాధన కావాలి. సాధనకు లోతు కావాలి. హుస్సేన్ సాగర్ లోతు చాలదనీ, వాసన మాత్రం ఎక్కువనీ ఆయనే తేల్చేశారు. బాల్కనీలోంచి వదిలితే కింద కూరగాయల బండి ఉంది. చివరికి ఒక ఆదివారం పొద్దున, గ్రీజు పెట్టడానికొచ్చిన కమాల్‌ను ఆపి అడిగారు.

"కమాల్, ఈ లిఫ్టు సందు ఎంత లోతుంటుంది?"

"యాభై ఫీట్లు ఉంటది సాబ్. ఎందుకు?"

ఎందుకో చెప్పారు. కమాల్ చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. ఎర్రగడ్డలో ఉండే మనిషి కదా, అక్కడి పిచ్చాసుపత్రి గుర్తొచ్చి ఉంటుంది.

"సాబ్, లిఫ్ట్ మంచిగున్నప్పుడు బంద్ చేస్తే మంది ఏమంటరు? కమాల్ పని ఖరాబైందంటరు."

"రెండు ఆదివారాలయ్యా, గంటసేపు! మెయింటెనెన్స్ అని బోర్డు పెడదాం. తర్వాత నేనే అందరికీ నిజం చెప్పేస్తాను కదా."

"ఎప్పుడు చెప్తరు?"

"చేప పట్టుకొచ్చాక. ఇంటింటికీ నాలుగేసి ముక్కలు పంచి, అప్పుడు చెప్తాను. నోట్లో వంజరం ముక్క పెట్టుకుని తిట్టినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు."

ఏడాదికోసారి కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది ఆయనే. కమాల్ తల గోక్కుని, "రెండు ఆదివారాలే సాబ్" అన్నాడు. ఆయన చేసిన మొదటి తప్పు అదే. మెత్తని మనిషి.

పద్ధతి ఇలా ఉండేది. లిఫ్టును కింద ఆపి, మిద్దె మీది గదిలో కరెంటు తీసేసి, దాని నెత్తిన పాత పరుపు ఒకటి వేసేవాడు కమాల్, చప్పుడు రాకుండా. ఐదో అంతస్తు తలుపు తాళంచెవితో తెరిచి, రావుగారి నడుముకు బెల్టు కట్టి, దాని రెండో కొస మెట్ల కటకటాలకు బిగించేవాడు. సముద్రం గురించి ఏమీ తెలియకపోయినా మనిషి ఎత్తునుంచి పడకూడదని మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఐదో అంతస్తులో ఉండేది రావుగారి కుటుంబమొక్కటే, ఎదురు ఫ్లాటుకు ఎప్పుడూ తాళమే, అందుకని పైన చూసేవాళ్లెవరూ లేరు. నేను ఒకటో అంతస్తు తలుపు అద్దంలోంచి చూస్తూ, సీసపు చేప ఎలా దిగుతోందో ఫోన్లో చెప్పాలి.

"ఎలా పడుతోందయ్యా?"

"మస్తు పడుతుంది సార్. తోక ఊపుతుంది."

రెండు వందల గ్రాముల సీసం గాల్లో ఎలా పడుతుందో అలాగే పడేది. కానీ మనిషి సంతోషంగా ఉన్నప్పుడు భౌతికశాస్త్రం ఎందుకు, దాన్ని నేను కాలేజీలోనే వదిలేసి వచ్చాను. మూడో వారం కమాల్ ఉండబట్టలేక అడిగాడు.

"సాబ్, జర ఒక మాట. సముద్రంల నీళ్లుంటయ్ కదా?"

"ఉంటే?"

"ఏం లేదు సాబ్. ఈడ లేవు."

రెండు ఆదివారాలు నాలుగయ్యాయి, నాలుగు పదకొండయ్యాయి. ప్రతిసారీ లిఫ్టులో వేలాడే రిజిస్టరులో కమాల్ ఏదో ఒకటి రాయాలి. అబద్ధాలు అల్లడం చేతకాని మనిషి కాబట్టి పదకొండుసార్లూ "బ్రేక్ చెకింగ్" అనే రాశాడు. నన్నడిగితే పదకొండు రకాలు చెప్పేవాణ్ణి. జనం సంచులతో మెట్లెక్కుతూ తిట్టుకున్నారు. నాలుగో అంతస్తు మంజూష గారు, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతారు, తప్పులు పట్టడమే ఆవిడ వృత్తి. తేదీలన్నీ రాసుకుని, ఏదో పెద్ద కంపెనీ నుంచి కొటేషన్ తెప్పించి, ఫిబ్రవరి రెండో ఆదివారం జనరల్ బాడీ మీటింగులో లిఫ్టు మనిషిని మార్చాలని అందరికీ మెసేజ్ పెట్టారు.

కమాల్ ఆ ఇంగ్లీషు మెసేజ్ నా షాపులో చదివించుకున్నాడు. రెండుసార్లు.

"భాయ్, గీ మాట బయటికి పోతే నా ముప్పై లిఫ్టులు సుత పోతయ్," అన్నాడు.

"నిజం చెప్పేయ్ అన్నా."

"ఏం చెప్పాలె? చెప్పకుంటే లిఫ్ట్ చేయరానోడు అంటరు. చెప్తే, ఎవడు అడిగినా లిఫ్ట్ బంద్ చేసెటోడు అంటరు. సాబ్ చెప్పాలె. సాబే చెయ్యమన్నడు కదా."

సాబ్ చెప్పాలంటే చేప పడాలి. చేప పడాలంటే వైజాగ్ పోవాలి. ఫిబ్రవరి మొదటి శుక్రవారం రావుగారి కారులో ముగ్గురం బయల్దేరాం, నేను డ్రైవరు. కమాల్ కూడా వస్తానన్నాడు, ఎవరూ పిలవకుండానే. తన పరువు ఎక్కడో నీళ్లకింద ఈదుతుంటే ఇంట్లో కూర్చోలేకపోయాడు పాపం. ఎర్రగడ్డలో ఆయన్ని ఎక్కించుకుంటుంటే భార్య గులాబ్ బీ గేటు దగ్గర నిలబడి నన్నే నిలదీసింది.

"సముందర్‌కు పోయి గీయనేం చేస్తడు ప్రమోద్ భాయ్? ఆడ లిఫ్ట్ ఉన్నదా?"

"ఉంది వదినా. చాలా లోతుది."

"వాపస్ వచ్చేటప్పుడు చాపలు తేకుండ్రి. ఇల్లంతా వాసన," అని లోపలికి పోయింది.

కమాల్ సముద్రాన్ని చూడటం అదే మొదలు. పడవ జెట్టీ దాటి పోతుంటే అటూ ఇటూ చూసి, "గింత జాగా ఉన్నది, ఒక్క బిల్డింగ్ లేదు" అన్నాడు, కొంచెం బాధగా. రెండు గంటలు పోయాక, నీళ్లకింద రాతిగుట్ట ఉన్నచోట సరంగు ఇంజిన్ ఆపాడు. ఆ పడవ నడిపేది ఆయనే, భీమిలి మనిషి, ఎండకు మాడి తాటిబెల్లంలా ఉన్నాడు.

"ముప్పై బారల లోతు బాబూ. వదలండి."

"ముప్పై బారలంటే ఎన్ని ఫ్లోర్లు?" అని కమాల్ నన్నడిగాడు. నేను లెక్కేసి పద్దెనిమిది అన్నాను. ఆయన కిందికి ఒకసారి చూసి, రావుగారి నడుముకు బెల్టు కట్టి, దాని రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు.

రావుగారు సీసపు చేపను వదిలారు. వదలగానే మొదటి చిక్కు వచ్చిపడింది. పంజాగుట్ట లిఫ్టు సందులో దారం తీగలా నిలువుగా దిగేది. ఇక్కడ నీటి వాలుకు పడవ ఒకవైపు పోతుంటే దారం ఏటవాలుగా ఇంకోవైపు పోతోంది.

"ఇదేంటయ్యా, దారం వంకరగా పోతోంది? నిలువుగా ఉండాలి కదా!"

"సముద్రం బాబూ," అన్నాడు సరంగు. "నిలువుగా ఉండదు. ఎక్కడ నేర్సుకున్నారేటి?"

రావుగారు టోపీ సవరించుకుని రీలు తిప్పడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నందాకా రావుగారు ఎగరేస్తూనే ఉన్నారు, తిప్పుతూనే ఉన్నారు. చేతులు వాచాయి. టోపీ గాలికి పోయింది. అరకిలో చేపలు రెండు పడితే అవి మీటింగుకు చాలవని నీళ్లలోకే వదిలేశారు. నేను పడవ అంచుకు వేలాడి వాంతి చేసుకున్నానని కమాల్ ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. నేను నీటిలోతు పరిశీలిస్తున్నాను.

ఒంటిగంట దాటాక, సరంగు ఇక చాలంటుండగా, కర్ర ఒక్కసారిగా వంగింది. వంగడమంటే మామూలుగా కాదు, కొస పోయి నీళ్లలో మునిగింది. రీలు కీచుమంటూ దారం వదలడం మొదలుపెట్టింది. ఎర్ర దారం పోయింది, పచ్చ దారం పోయింది, నీలం మొదలైంది.

"పార చేప బాబో! పెద్ద పార!" సరంగు లేచి గెంతాడు. "పోనీండి, పోనీండి! లాగనీండి దాన్ని!"

"పడింది! కమాల్, పడిందయ్యా!" రావుగారి కళ్లు వెలిగిపోతున్నాయి. రీలు పక్కన ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది. అది వదులుగా ఉంటే చేప లాగినకొద్దీ దారం పోతుంది. పోయి పోయి చేప అలిసిపోయాక మనం లాగాలి. ఆటంతా ఆ వదులులోనే ఉంది. ఈ సంగతి రావుగారికి తెలుసు, సరంగుకు తెలుసు, చేపకు కూడా తెలిసే ఉంటుంది.

కమాల్‌కు తెలియదు. బెల్టు పట్టుకుని వెనక నిలబడ్డ ఆయన చెవిలో పడింది ఒక్కటే. తాడు దానంతటది పోతోంది. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన మొహం తెల్లబడిపోయింది. కుడిచెయ్యి రావుగారి భుజం మీదుగా పాములా పోయి, ఆ బిళ్లను పట్టుకుని, చివరిదాకా బిగించేసింది.

"బిగించకు బాబో!" సరంగు అరిచేసరికే టప్‌మంది.

కర్ర నిటారుగా నిలబడింది. రావుగారు వెనక్కి వచ్చి కమాల్ మీద పడ్డారు. కమాల్ ఆయన్ని కింద పడకుండా పట్టుకున్నాడు, అది మాత్రం బాగా చేశాడు. సముద్రం ఏమీ ఎరగనట్టు ఉంది.

రావుగారు తెగిన దారం కొసను చేత్తో పట్టుకుని చూశారు. "ఎందుకు... ఎందుకు బిగించావయ్యా?"

కమాల్ తన చేతికి చుట్టుకున్న బెల్టు విప్పుకున్నాడు. "మాఫ్ చెయ్యుండ్రి సాబ్. తాడు ఉరుకుతుంటే... లోపల మంది ఉన్నరనుకున్న."

ఎవరం నవ్వలేదు. సరంగు ఒక్కడే నవ్వాడు, జెట్టీ చేరేదాకా.

తిరుగు ప్రయాణంలో చేప పెరగడం మొదలుపెట్టింది. జెట్టీ దగ్గర సరంగు అంచనా ఇరవై కిలోలు. రాజమండ్రిలో టిఫిన్ చేసేటప్పుడు రావుగారు ముప్పై అన్నారు. విజయవాడలో నలభై అయింది. సూర్యాపేటలో చాయ్ కోసం ఆగినప్పుడు అరవై. అరవై దగ్గర నేనే ఆపాను, కారు ఇంకా నడపాలి కదా.

హైదరాబాదు పొలిమేరల్లో రావుగారు గొంతు సవరించుకున్నారు. "కమాల్, నేను మాట మీద నిలబడే మనిషిని. చేప పడితే నిజం చెప్తానన్నాను. పడలేదు కదా. ఉత్త చేతుల్తో పోయి, లిఫ్టులో గాలం వేశానని ఎలా చెప్పమంటావు? నా పరువేం కాను?"

కమాల్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "సహీ బాత్ సాబ్" అన్నాడు. అంతే. నేనైతే ఆ కారులోనే ముప్పై రకాలుగా తిట్టేవాణ్ణి. ఆయన దిగేటప్పుడు రావుగారి బ్యాగు కూడా ఎత్తిచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారం పదకొండింటికి సెల్లార్లో మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, ఇరవై మంది. రావుగారి భార్య అరుణాదేవి గారు మోకాళ్ల నొప్పి వల్ల లిఫ్టులోనే దిగి వచ్చారు, ఆరోజు అది బంగారంలా నడిచింది. కమాల్ స్కూటర్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అది చూసి నాకు కొంచెం అదోలా అయింది.

మంజూష గారు రిజిస్టరు తెరిచారు. "నవంబరు నుంచి పదకొండు ఆదివారాలు లిఫ్ట్ ఆగింది. కారణం చూడండి. బ్రేక్ చెకింగ్. మళ్లీ బ్రేక్ చెకింగ్. పదకొండుసార్లు బ్రేకేనా కమాల్ గారూ? మా పాప ఏడేళ్లది, రోజూ ఒక్కతే ఎక్కుతుంది. మీకేమైనా చెప్పుకునేది ఉందా?"

కమాల్ రావుగారి వైపు చూశాడు. రావుగారు సమోసా వైపు చూశారు.

"ఏం లేదు మేడం," అన్నాడు కమాల్.

"అయితే తేలిపోయింది కదండీ. ఈయనకు బ్రేకు వేయడం రాదు."

అక్కడే ఆగి ఉంటే కమాల్ కథ ముగిసేది. కానీ వారం రోజులుగా రావుగారి గుండెల్లో ఒక చేప కొట్టుకుంటోంది. ఎవరికీ చెప్పుకోలేక, మింగలేక, మనిషి సగమయ్యారు. "బ్రేకు వేయడం రాదు" అనే మాట చెవిన పడగానే కుర్చీ వెనక్కి పడేలా లేచారు.

"రాదా? బ్రేకు వేయడం ఈయనకు రాదా? వేసే కదమ్మా నా కొంప ముంచాడు! అరవై కిలోల చేప! దారం పోతోంది, హాయిగా పోతోంది, పోనివ్వాలి కదా? ఈ మహానుభావుడు చెయ్యి పెట్టి, బర్రున బిగించి, తెంపి పారేశాడు!"

కుర్చీలన్నీ రావుగారి వైపు తిరిగాయి.

"ఏ చేప సార్?" అన్నారు మంజూష గారు.

"సముద్రంలో! వైజాగ్‌లో! పదకొండు వారాలు ప్రాక్టీసు చేశాను, ఐదో అంతస్తు నుంచి, చెయ్యి పడిపోయేలా..."

రావుగారు అక్కడ ఆగారు. ఏం అన్నారో ఆయనకు అప్పుడు వినబడింది. వెనక్కి తీసుకుందామంటే దారం అప్పటికే చాలా దూరం పోయింది.

"ఐదో అంతస్తు నుంచి ఎక్కడికి సార్?"

మిగతాది అరుణాదేవి గారు పూర్తి చేశారు. "లిఫ్టు సందులోకమ్మా. లిఫ్టు బాగానే ఉంది. ఈయనకే బాగాలేదు. పదకొండు ఆదివారాలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టి గాలం వేశారు. నేను చెప్తే బాగుండదని ఊరుకున్నాను."

అప్పుడు లేచిన గోల నేను రాయను, రాస్తే మళ్లీ కలిపానంటారు. సమోసా ఒకటి గాల్లో ఎగిరిందని మాత్రం చెప్పగలను. ఆ గోల అంతటిలోనూ మంజూష గారు కమాల్ దగ్గరికి నడిచొచ్చారు.

"ఆయన చెప్పమంటే బాగున్న లిఫ్ట్ ఆపారా?"

"ఆపిన మేడం. తప్పే." తల దించుకునే అన్నాడు.

"మరి చేప పడితే ఎందుకు బిగించారు?"

కమాల్ ఇస్త్రీ చొక్కా గుండీ సవరించుకున్నాడు. ఒకసారి చెప్పి నవ్వులపాలైన మాట మళ్లీ ఎవరు చెబుతారు? అందుకుని రావుగారే కోపంగా అందించారు. "ఏమన్నాడో తెలుసా? లోపల మనుషులున్నారనుకున్నాడట! చేప లోపల మనుషులేంటండీ!"

మంజూష గారు నవ్వలేదు. కొటేషన్ కాగితం ఒకసారి చూసి, "ఈ కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే మూడు నొక్కండి, ఐదు నొక్కండి అంటున్నారు" అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సమోసాల పళ్లెం కింద దూర్చారు. కాంట్రాక్టు కమాల్‌కే. ఇకమీదట లిఫ్టు ఆపాలంటే ఇద్దరి సంతకాలు కావాలన్నారు, అందులో సెక్రటరీది ఉండకూడదన్నారు. సెక్రటరీని కూడా ఆ పూటే మార్చారు. కొత్త సెక్రటరీ ఎవరో మీరు ఊహించే ఉంటారు.

అలా కమాల్ పేరు నిలబడింది. నిలబడిందేగాని, మునుపటిలా లేదు. అమీర్‌పేటలో ముప్పై బిల్డింగుల వాచ్‌మన్లు ఇప్పుడాయన్ని చూడగానే చేప సంగతే అడుగుతారు. దీనికి కారణం నేనని ఆయన అనుమానం. నేను చెప్పింది పదిమందికే, అదీ జిరాక్స్ తీసేంతసేపు.

మొన్న షాపుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"భాయ్, హాస్టల్ పోరగాళ్లు చాప ఎంత ఉండె, ఎంత ఉండె అని సతాయిస్తున్నరు. ఒకడు నూట ఇరవై కిలోలట గదా అంటుండు. ఎవడు చెప్పిండు వానికి?"

"గాలికి పోయుంటుంది అన్నా. నువ్వేమన్నావు?"

"నాకు తెల్వదన్న. నేను చూడలే కదా. నువ్వు చూసినవా? సాబ్ చూసిండా? ఎవడూ చూడలే."

"అరె, అట్లా చెప్తే ఎవరు వింటారన్నా?"

"వినలే. పోయిండ్రు. లిఫ్ట్ ఎక్కి పోయిండ్రు," అని లేచి, దువ్వెనతో తల దువ్వుకుని, పై సందులోని హాస్టలుకు గ్రీజు పెట్టడానికి బయల్దేరాడు.